కర్వ్ ఈవీ చెప్పాను, క్రెటా ఎలక్ట్రిక్ కొన్నారు: ఒక అనంతపురం కేసు

అనంతపురంలో నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. దాంతోపాటు మూడేళ్లుగా ఇంకో పని చేస్తున్నా. కొత్త కారు కొనేవాళ్లతో షోరూమ్‌కి వెళ్లడం, వాళ్లింటికి వెళ్లి పార్కింగూ కరెంటూ చూడడం, తిరిగే దారి లెక్కేసి ఏది కొనాలో చెప్పడం. ఫీజు మూడు వేలు. ఏ షోరూమ్ దగ్గరా కమీషన్ తీసుకోను, తీసుకున్న రోజు నా మాటకు మూడు వేలు కాదు, మూడు రూపాయలు కూడా ఎవరూ ఇవ్వరు. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, నేను చెప్పిన కారు వాళ్లు కొనలేదు. కొననందుకు నష్టపోయిందీ లేదు.

ఆయనది చీరల హోల్‌సేల్ వ్యాపారం. ఇల్లు రామ్‌నగర్, మగ్గాలవాళ్లంతా ధర్మవరంలో. 2025 జూలైలో, ఆషాఢం నడుస్తుండగా వచ్చారు. "ఇప్పుడు కొనేది లేదు సామీ. శ్రావణమంతా యాపారం, తల ఎత్తేకి టైం ఉండదు. దసరాకి బండి ఇంటి ముందర ఉండాల, అంతే" అన్నారు. పన్నెండేళ్ల పాత డీజిల్ బండి అమ్మేశారు. ఎలక్ట్రిక్ కొనాలని ముందే నిర్ణయం అయిపోయింది, పేర్లు కూడా రెండే మిగిలాయి: టాటా కర్వ్ ఈవీలో 55 యూనిట్ల బ్యాటరీది, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌లో 51.4 యూనిట్లది. కిలోవాట్ అవర్ అనేదాన్ని ఇక్కడ అంతా యూనిట్ అనే రాస్తా, కరెంటు బిల్లులో ఉండేదీ అదే యూనిట్.

ఆయన బావమరిది మధ్యలో కియా క్లావిస్ ఈవీ పేరు ఎత్తాడు. అదే నెల 15న విడుదలైంది, మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యేది, పెద్ద బ్యాటరీ సైజు కూడా క్రెటాదే. "మన ఊరి బండి కదన్నా" అన్నాడు. నాకూ ఆ మాట నచ్చింది గానీ, ఏడు సీట్ల బండి ఆయనకు వద్దు. అక్కడితో అది వదిలేశాం.

ఎవరెవరు, ఎక్కడికి

నేను మొదట అడిగేది బడ్జెట్ కాదు. పోయిన నెల రోజుల్లో బండి ఎక్కడెక్కడికి పోయిందో చెప్పమంటా. పెట్రోల్ బంకు మెసేజులు, టోల్ మెసేజులు ఫోన్లో ఉంటాయి కాబట్టి అబద్ధం చెప్పే వీలుండదు. ఈయన లెక్క: ధర్మవరం నెలకు పన్నెండు సార్లు, రానూపోనూ 80 కిలోమీటర్లు. బెంగళూరు నెలకు రెండు సార్లు, చీరల మూటలతో, రానూపోనూ 430. ఊళ్లో తిరుగుడు కలిపితే నెలకు 2,200 అవుతుంది. ఇది కాక వాళ్లమ్మగారు, 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, వారానికోసారి ఆస్పత్రికో గుడికో, రెండు మూడు నెలలకోసారి కదిరికి, తిరుపతికి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నా. ఆ కాగితంలోనే నా తప్పు కూడా ఉంది, అది చివర్లో బయటపడింది.

బ్రోచర్ కిలోమీటర్లు

కర్వ్ 55కి 2024 ఆగస్టులో విడుదలైనప్పుడు చెప్పిన రేంజ్, అంటే ఒకసారి నిండా ఎక్కిస్తే పోయే దూరం, 585 కిలోమీటర్లు. తర్వాత అదే బండికి, అదే బ్యాటరీకి 502 అని రాశారు. మొదటిది పరీక్షలో సిటీ తరహా భాగం ఒక్కటే లెక్కేస్తే వచ్చేది, రెండోది హైవే తరహా భాగం కూడా కలిపితే వచ్చేది. కంపెనీయే మామూలు వాడకంలో 400 నుంచి 425 అని ఇంకో అంకె కూడా చెప్పింది. క్రెటాకి 2025 జనవరిలో విడుదలైనప్పుడు 473. ఆయన ఈ అంకెలన్నీ డైరీలో రాసుకొచ్చి 585లోంచి 473 తీసేసి "112 కిలోమీటర్లు తేడా సామీ" అన్నారు. ఒక పరీక్ష అంకెలోంచి ఇంకో పరీక్ష అంకె తీసేస్తే వచ్చేది కిలోమీటర్లు కాదన్నా అని చెప్పి డైరీ మూయించా.

నా లెక్క మోటుగా ఉంటుంది. హైవేలో ఏసీ వేసుకుని 90, 100 మధ్య పోతే ఈ సైజు బండి యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుంటా. 51.4 యూనిట్లకు 334, 55కి 357. తేడా 23 కిలోమీటర్లు.

దీని మీద మన దారి లెక్క ఒకటి ఉంది, ఎవరూ వేయరు. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 900 పైన. పెనుకొండ, చిలమత్తూరు, బాగేపల్లి దాటుకుంటూ పోతుంటే తెలియకుండానే ఎక్కుతూ ఉంటాం. మనుషులు, మూటలతో రెండు టన్నుల బండిని దాదాపు ఆరొందల మీటర్లు పైకి మోయడానికే మూడు యూనిట్లకు పైగా కావాలి, మోటారులో పోయేది కలిపితే మూడున్నర. అంటే రెండు బ్యాటరీల మధ్య తేడా ఎంతుందో అంత కరెంటు ఒక్క ఎక్కుడులోనే పోతుంది. వచ్చేటప్పుడు అందులో చాలా వరకు తిరిగొస్తుంది, అది వేరే మాట. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఇంకో సంగతి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆ నెలల్లో పడమటి గాలి పక్క నుంచి, ముందు నుంచి కొడుతుంటే ఆరున్నర కాస్తా ఆరుకు దిగుతుంది.

బెంగళూరు రానూపోనూ మొత్తం 67 యూనిట్లు. ఇంటికి చేరేసరికి బ్యాటరీలో ఎనిమిది యూనిట్లయినా మిగలాలని నా నియమం. క్రెటా అయితే బయట 24 యూనిట్లు ఎక్కించుకోవాలి, కర్వ్ అయితే 20. ఏదైనా సరే, ఒక్కసారి ఆగక తప్పదు. ఆగేది ఒక్కసారే అన్నప్పుడు రేంజ్ గురించి ఇంక మాట్లాడాల్సింది లేదు.

నలభై నిమిషాలు, యాభై ఎనిమిది నిమిషాలు

సేల్స్ కుర్రాళ్లు ఈ రెండు అంకెలతో బాగా ఆడుకున్నారు. 10 నుంచి 80 శాతానికి కర్వ్ 70 కిలోవాట్ల ఛార్జర్ మీద 40 నిమిషాలు, క్రెటా 50 కిలోవాట్ల మీద 58 నిమిషాలు. రెండూ నిజమే. కానీ హైవే హోటళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది 60 కిలోవాట్ల డబ్బా, రెండు గన్నులు. ఒక బండి ఉంటే 60 వస్తుంది, పక్కన ఇంకో బండి వచ్చి గన్ను పెట్టిందంటే చెరో 30. శనివారం సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు పక్కన బండి ఉండకుండా ఉంటుందా? 30 మీద 24 యూనిట్లకు 48 నిమిషాలు, 20 యూనిట్లకు 40. తేడా ఎనిమిది నిమిషాలు, ఒక టీ.

అసలు భయం అది కాదు, ఛార్జర్ పనిచేయకపోవడం. ఒకసారి ఇంకో కస్టమర్ బండిలో వస్తూ యాప్‌లో పచ్చగా ఉంది కదా అని ఒక హోటల్ దగ్గరికి పోతే స్క్రీన్ నల్లగా ఉంది, వాచ్‌మన్ "రెండ్రోజులాయె సార్" అన్నాడు. అప్పటికి 11 శాతం. అందుకే ఎవరికైనా చెప్పేదొకటే, 30 శాతం ఉండగానే ఆగాలి, మొదటిది పనిచేయకపోతే రెండోదానికి పోయేంత కరెంటు ఉండాలి.

ఇంట్లో ఎర్త్

నా మూడు వేల ఫీజులో సగం పని ఇదే. ఆయన ఇంటి కరెంటు లోడ్ మూడు కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. క్రెటాతో 11 కిలోవాట్ల వాల్ ఛార్జర్ తీసుకోమని అప్పటికే ఒకరు చెప్పేశారు, విడుదలప్పుడు దాని ధర 73,000. త్రీ ఫేజ్ కావాలి, లోడ్ పెంచాలి. వద్దన్నా. రోజుకు 80 కిలోమీటర్లంటే పన్నెండున్నర యూనిట్లు, నష్టం కలిపి పదమూడున్నర. మామూలు 15 ఆంపియర్ల సాకెట్ మీద గంటకు మూడు యూనిట్లు ఎక్కుతుంది. నాలుగున్నర గంటలు. మనిషి నిద్రపోయేదానికంటే తక్కువ. బెంగళూరు పోయే ముందు మాత్రం రెండు రాత్రులు పెట్టుకోవాలి. దానికోసం డెబ్బై మూడు వేలు ఎందుకు?

సాకెట్ అయితే పెట్టొచ్చు, దాని వెనకున్నదే సమస్య. పోర్టికోలో ఉన్న సాకెట్‌కి నా దగ్గరున్న పోర్టబుల్ ఛార్జర్ పెడితే ఎర్ర లైటు, ఎర్త్ సరిగా లేదని. మీటరు పెట్టి చూశా: న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 14 వోల్టులు. రెండు మూడుకు మించితేనే నేను అనుమానపడతా. ఎర్త్ గుంత ఎక్కడ అంటే తులసికోట వెనక చూపించారు. సిమెంటు మూత తీసి చూస్తే పైపు చుట్టూ మట్టి ఎండిపోయి, వేలు పట్టేంత సందు. ఇల్లు కట్టినప్పుడు బొగ్గుతో పాటు వేసిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది, ఆ తర్వాత ఎవరూ ఆ మూత తీయలేదు. మన జిల్లా నేలలో, మన వానల్లో, ఎర్త్ గుంతకు నీళ్లు పోయకపోతే అది ఎర్త్ కాదు, ఒట్టి పైపు. రెండు బకెట్లు పోసి పావుగంట ఆగి మళ్లీ చూస్తే 14 కాస్తా 5 అయింది. పెద్దమ్మగారు అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ "కరెంటుకు కూడా దప్పికైతాదా నాయనా" అన్నారు. అవుతుందమ్మా అన్నా, ఇంతకంటే బాగా నేను ఎవరికీ వివరించలేదు.

చేయించింది ఇది: కొత్త గుంత తవ్వి కెమికల్ ఎర్తింగ్ (ఉప్పూ బొగ్గూ బదులు తడి నిలుపుకునే పొడి వేసేది), మీటర్ బోర్డు నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, దానికి విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేది), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), ఇండస్ట్రియల్ టైపు సాకెట్, లోడ్ 5 కిలోవాట్లకు పెంపు. ఏ కారు కొన్నా ఈ ఖర్చు తప్పదు కాబట్టి కారు రాకముందే చేయించేశాం. కారు వచ్చిన రాత్రి ఎలక్ట్రీషియన్ కోసం వెతుక్కునేవాళ్లను చాలామందిని చూశా.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తా. ఇంట్లో ఏసీలతో బిల్లు ఎలాగూ పై స్లాబులోనే ఉంది, 2025 రేట్లలో 225 యూనిట్లు దాటితే యూనిట్‌కి 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. బయట ఛార్జింగ్ 20 రూపాయలకు అటూ ఇటూ. అంతా కలిపి నెలకు నాలుగున్నర వేల లోపు. పాత డీజిల్ బండికి పద్నాలుగు వేలు అయ్యేది. మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వస్తుంది, రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తుంది, మన ఎండకు ఇంతకంటే మంచి వాడకం లేదు. ఆయన "సంక్రాంతి తర్వాత చూద్దాం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

లోన్ వడ్డీకి లక్షన్నర టాక్స్ మినహాయింపు ఉందని ఎవరో చెప్పారట. 80ఈఈబీ అది, 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. అయిపోయింది.

బ్యాటరీ, వారంటీ

నేను కర్వ్ వైపు మొగ్గింది ఇక్కడే. కర్వ్‌లో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ, క్రెటాలో ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండేది). ఎల్ఎఫ్‌పీ బరువెక్కువ, కానీ వేడికి గట్టిది, 100 శాతం ఎక్కించినా పెద్దగా నొచ్చుకోదు. పైగా అప్పుడప్పుడూ నిండా ఎక్కించాల్సిందే, లేకపోతే ఎంత మిగిలిందో దానికే సరిగ్గా తెలియదు. ఎన్ఎంసీకి రోజూ 80 దగ్గర ఆపడం మంచిది, నిండా ఎక్కించి ధర్మవరంలో మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగు గంటలు నిలబెట్టడం దానికి అన్యాయం. రెండింటికీ లిక్విడ్ కూలింగ్ ఉంది కాబట్టి భయపడాల్సిన పని లేదు, జాగ్రత్త మాత్రం వేరు వేరు.

వారంటీ చూడండి. క్రెటా బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. కర్వ్‌కి 2025లో మొదటి ఓనర్‌కి 15 ఏళ్లు, కిలోమీటర్ల పరిమితి లేకుండా ఇచ్చారు. ఈయన ఏడాదికి 26,400 తిరుగుతారు. 1,60,000 ఆరేళ్లకే అయిపోతుంది. ఎనిమిదేళ్లు అని కాగితం మీద ఉన్నది ఈయనకు ఆరేళ్లే. పాత బండిని పన్నెండేళ్లు వాడిన మనిషి, దీన్నీ అంతే వాడతారు. షాపు పేరు మీద కొంటానంటే కూడా ఆపా, ఇలాంటి వారంటీలు ఎవరి పేరు మీద ఉంటే ఎలా వర్తిస్తాయో పుస్తకంలో చదివాకే ఆ మాట అనమన్నా.

ధర కూడా కర్వ్‌కే అనుకూలం. విడుదల నాటి ఎక్స్ షోరూమ్ ధరల్లో పెద్ద బ్యాటరీవి కర్వ్ 19.25 నుంచి 21.99 లక్షలు, క్రెటా 21.50 నుంచి. భారత్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టులో కర్వ్‌కి 5 స్టార్లు. డిక్కీ కర్వ్‌ది 500 లీటర్లు, క్రెటాది 433, ముందు బానెట్ కింద ఇంకో 22.

మూటలతో షోరూమ్‌కి

లీటర్లు ఎవరికి అర్థమవుతాయి. ఆయనతో ఐదు మూటలు తెప్పించా, తెల్ల గుడ్డలో కట్టినవి, ఒక్కోదాంట్లో నలభై పట్టు చీరలు, ముప్పై కిలోలు. షోరూమ్ కుర్రాడు చూసి, కొనేవాళ్లా అమ్మేవాళ్లా అన్నట్టు నిలబడిపోయాడు. కర్వ్‌లో ఐదూ పట్టాయి, వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది కాబట్టి నోరు పెద్దది. క్రెటాలో నాలుగే, ఐదోది ఎంత నొక్కినా తలుపు పడలేదు. నా కాగితం మీద కర్వ్‌కి ఇంకో టిక్కు.

తర్వాత పెద్దమ్మగారు. టెస్ట్ డ్రైవ్ అంటే కొనేవాడు స్టీరింగ్ పట్టుకోవడం అనుకుంటారు, నేను ఇంట్లో అందరికంటే కష్టంగా ఎక్కే మనిషిని వెనక కూర్చోబెట్టమంటా, అది కూడా అరగంట. కర్వ్ పైకప్పు వెనక్కి వాలుతుంది, ఆ అందం కోసమే చాలామంది కొంటారు. ఆమె ఎడమ కాలు లోపల పెట్టి, తల వంచి, మళ్లీ నడుం వంచి, తలుపు పైభాగాన్ని చేత్తో తడుముకుంటూ కూర్చున్నారు. "ఇదేందప్పా, గుహలో దేవున్ని చూసేకి పోయినట్టుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ దిగేటప్పుడు నవ్వలేదు. క్రెటాలో అలా తడుముకోలేదు, సీటు మీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకున్నారు, అంతే. రెండింట్లోనూ కింద బ్యాటరీ ఉండడం వల్ల నేల కాస్త ఎత్తు, మోకాళ్లు పైకొస్తాయి. అది ఎలక్ట్రిక్ బండ్లలో చాలావాటికి ఉన్నదే.

ముందు సీట్లో కూర్చోబెడితే సరిపోతుంది కదా అన్నా. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె పది కిలోమీటర్లు పోగానే కాళ్లు చాపి పక్క సీటు మీద పెట్టుకుంటారట. ముందు సీట్లో అది కుదరదు.

నేను చెప్పింది, ఆయన చేసింది

రెండు పేజీల రిపోర్టు ఇచ్చా: కర్వ్ 55. కారణాలు వారంటీ, ఎల్ఎఫ్‌పీ, ఐదు మూటలు, లక్షన్నర రెండు లక్షల తేడా. మధ్యలో సెప్టెంబర్ 22న జీఎస్టీ మారింది, 50 శాతం దాకా పన్ను ఉన్న పెట్రోల్ ఎస్‌యూవీలు 40కి దిగాయి, ఎలక్ట్రిక్ 5 దగ్గరే ఉంది. బావమరిది "పెట్రోల్ కొనెయ్" అని రెండ్రోజులు పోరాడాడు. నెలకు 2,200 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ తేడా ఎన్నాళ్లకు కరిగిపోతుందో చెప్తే ఊరుకున్నాడు.

దసరాకు ఆయన ఇంటి ముందు క్రెటా ఎలక్ట్రిక్ నిలబడింది. నిమ్మకాయలు తొక్కించాక నన్ను పక్కకు పిలిచి అన్నారు: "నువ్వు చెప్పింది తప్పు కాదు సామీ. ఆరేళ్లకు వారంటీ అయిపోతాదన్నావు. ఆరేళ్లకు అమ్మకు ఎనభై. ఆరేళ్ల తర్వాత సంగతి అప్పుడు చూసుకుంటా, ఈ ఆరేళ్లు మాత్రం ఆమె కష్టం లేకుండా ఎక్కాల." నేను ఏం అనను?

ఐదో మూట సంగతి అడిగితే నవ్వారు. "బెంగళూరు పోయేటప్పుడు వెనక సీట్లో ఎవరుంటారు? నేను, డ్రైవరు. మూట సీట్లో కూర్చుంటాది." నా కాగితం తీసి చూసుకున్నా. మూటల రోజూ, అమ్మగారి రోజూ ఒకటే రోజు అన్నట్టు ఒకే వరుసలో రాశా. ఆ టోల్ మెసేజులన్నీ చూసి కూడా, ఒక్కసారైనా ఆ రెండూ కలిశాయా అని చూడలేదు. కలవలేదు. ఇప్పుడు నా ఫారంలో ప్రతి ప్రయాణం పక్కన రెండు గడులు కొత్తగా గీశా: వెనక ఎవరు, డిక్కీలో ఏంటి.

నాలుగు నెలలయ్యాక, సంక్రాంతి దాటాక వెళ్లి చూశా. ఛార్జింగ్ 80 దగ్గర ఆగేలా పెట్టే ఉంది, బెంగళూరు ముందు రాత్రి మాత్రమే 100. ధర్మవరంలో మగ్గాల షెడ్డు పక్కన వేపచెట్టు కింద చోటు చూసుకున్నారు. బెంగళూరు నుంచి వస్తూ ఒకసారి ఛార్జర్ దగ్గర గంటంపావు ఇరుక్కున్నారట, ముందు రెండు బండ్లు ఉండి. అది కర్వ్ అయినా ఇరుక్కునేవాళ్లే.

న్యూట్రల్, ఎర్త్ మధ్య మీటర్ పెడితే ఒకటి దగ్గర ఉంది. కెమికల్ ఎర్తింగ్‌కి అంత తరచుగా నీళ్లు అక్కర్లేదని నేను చెప్పినా వినరట, పెద్దమ్మగారు రోజూ పొద్దున తులసికి పోశాక చెంబులో మిగిలింది ఆ గుంత మూత పక్కన పోస్తున్నారు.